చేపల్ని లెక్కపెట్టారా, లెక్కగట్టారా?

సందేహం: మా చెరువులో 200 బొచ్చెల్ని పట్టి, రెక్క కొస కత్తిరించి వదిలారు. వారం తర్వాత వల వేస్తే 150 పడ్డాయి, వాటిలో 15 గుర్తువి. 'బొచ్చెలను లెక్కపెట్టగా 2,000 ఉన్నాయి' అని సొసైటీ పుస్తకంలో రాశాను. చూసిన ఆఫీసరు 'లెక్కగట్టగా' అని దిద్దాడు. రెండూ ఒకటి కాదా? 'చేపల జనాభా' అనొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: దిద్దుబాటు సరైనదే. దొడ్డిలో మేకల్ని ఒకటి, రెండు అని ఎంచితే లెక్కపెట్టడం. మన దిక్కు నోటిమాటలో 'లెక్కవెట్టుడు' కూడా అదే. వడగళ్లకు వరి పోతే నష్టాన్ని లెక్కగడతారు. గింజలు ఎవరూ ఎంచరు, తెలిసిన అంకెల్ని బట్టి తెలియనిది తేలుస్తారు. విలువగట్టడంలో ఉన్న 'కట్టు' అనే మాటే ఇది.

మీరు చేసిందీ అదే. రెండోసారి వలలో పదింట ఒకటి గుర్తుదైతే, చెరువంతటిలోనూ గుర్తువి పదో వంతే అనుకుంటాం. గుర్తువి 200 కాబట్టి మొత్తం 2,000. 1896లో డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త సముద్రపు చేపలకు బిళ్లలు కట్టి వదిలిన నాటి నుంచీ ఉన్న పద్ధతి. 1930లో అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ అనే పక్షిశాస్త్రవేత్త ఇదే లెక్కను బాతులకు వాడాడు. అయితే ఈ లెక్కకు షరతులున్నాయి. మధ్యలో అలుగు పారి చేపలు కొట్టుకుపోకూడదు, కొత్తవి కలవకూడదు. కత్తెర గాయానికి కొన్ని గుర్తువి చచ్చిపోయి, 15 బదులు 10 పడ్డాయనుకోండి, మీ 2,000 కాస్తా 3,000 అవుతుంది! ఎంచిన లెక్కకు ఈ టెన్షన్ లేదు.

అమ్రాబాద్ అడవిలో పులికి గుర్తు పెట్టే పనే లేదు, ఏ పులి చారలు దానివే. కెమెరాకు చిక్కితే పట్టినట్టే. 2022లో దేశమంతటా ఇలా ఫొటోల్లో విడివిడిగా గుర్తుపట్టిన పులులు 3,080. అవి లెక్కపెట్టినవి. కెమెరాకు చిక్కనివీ కలుపుకొని చెప్పిన 3,682 లెక్కగట్టినది, అందుకే 3,167 నుంచి 3,925 దాకా అని హద్దులు కూడా ఇచ్చారు. పేపర్లు రెండింటికీ 'గణన' అనే రాస్తాయి, నాకది నచ్చదు.

'జనాభా' మనుషులకు సరిపోతుంది. చేపలకు 'సంఖ్య' చాలు.

ఆఫీసరు వదిలేసిన తప్పు మరొకటుంది, 'ఉన్నాయి'. ఊళ్లో ఓటర్లు ఎంతమంది అని అడిగితే ఓటరు జాబితా చూసినవాడు 'రెండువేల మంది ఉన్నారు' అంటాడు, చూడనివాడు 'రెండువేల మంది ఉంటారు' అంటాడు. అంచనాను మన క్రియే మోస్తుంది, 'సుమారు' చేర్చకపోయినా ఫర్వాలేదు. కాబట్టి 'లెక్కగట్టగా 2,000 దాకా ఉంటాయి' అని రాయండి.