ఇంగ్లిష్ రాత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో పని చేస్తున్నాను. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులకు మెయిళ్లు నేనే రాస్తాను. ఎంత మర్యాదగా రాసినా, చదివాక ఫోన్ చేసి "ఇంతకీ సరుకు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతున్నారు. ఒక మెయిల్ జతచేశాను, చూడండి.
– ఒక పాఠకురాలు, పలాస

జ: మీరు రాసింది ఇదీ: "ఉయ్ రిగ్రెట్ టు ఇన్‌ఫామ్ యువర్ గుడ్ సెల్ఫ్ దట్ ద మెటీరియల్ కుడ్ నాట్ బి డిస్పాచ్డ్ డ్యూ టు అన్‌అవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్. కైండ్లీ డు ద నీడ్‌ఫుల్." మర్యాదకు లోటు లేదు. ఏ సరుకు, ఎంత, ఎందుకు ఆగింది, ఎప్పుడు బయల్దేరుతుంది అన్నవాటిలో మాత్రం ఒక్కటీ లేదు. ఫోన్ చేయక ఏం చేస్తారు?

ముందు ఆ నాలుగూ తెలుగులోనే కాగితం మీద పెట్టుకోండి. తర్వాత ఒక్కోదానికి ఒక్కో చిన్న వాక్యం రాయండి: "ఉయ్ కుడ్ నాట్ సెండ్ యువర్ 50 టిన్స్ ఆఫ్ డబ్ల్యూ 320 ఆన్ 3 జూన్. అవర్ ప్యాకింగ్ మెషీన్ బ్రోక్ డౌన్. ద టిన్స్ విల్ లీవ్ పలాస ఆన్ 6 జూన్. ప్లీజ్ టెల్ అస్ బై టుమారో ఇఫ్ దిస్ డేట్ సూట్స్ యు." (డబ్ల్యూ 320 జీడిపప్పులో ఒక రకం గ్రేడు.) ఒక వాక్యం పదిహేను మాటలు దాటిందంటే, ఎక్కడ విరగ్గొట్టవచ్చో చూడండి.

"డు ద నీడ్‌ఫుల్" పాతకాలపు ఆఫీసు మాట. ఏం చేయాలో చదివేవాళ్లనే ఊహించుకోమంటుంది. కాబట్టి చేయాల్సిన పనే రాయండి: "ప్లీజ్ సైన్ ద బిల్", "ప్లీజ్ పే బై ఫ్రైడే". "ప్రీపోన్" (అనుకున్న తేదీకంటే ముందే పెట్టుకోవడం) మన దేశంలో చెల్లుతుంది, ఇంగ్లిష్ నిఘంటువులకూ ఎక్కింది. విదేశీ కొనుగోలుదారుకు రాసేటప్పుడు మాత్రం "బ్రింగ్ ఫార్వర్డ్" అనండి. తేదీని 5/6 అని అంకెల్లో వేయకండి, అమెరికావాళ్లు దాన్ని మే 6గా చదువుకుంటారు. నెల పేరు అక్షరాల్లో ఉంటే ఆ గొడవే ఉండదు.

వాడుక భాషలో రాయమని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో. ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి మనం ఇంకా గ్రాంథికం పట్టుకునే వేలాడుతున్నాం!

ప్ర: రోజుకు పది ఇంగ్లిష్ మాటలు అర్థాలతో బట్టీ పడుతున్నాను. రాయడానికి కూర్చుంటే ఒక్కటీ రాదు.
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జ: పది ఎక్కువ, మూడు చాలు. అర్థం ఒక్కటే నేర్చుకుంటే మాట పలకదు, దాని పక్కన ఏ మాట వస్తుందో కూడా పట్టుకోవాలి. పెద్ద వాన "హెవీ రెయిన్", "బిగ్ రెయిన్" కాదు. నిర్ణయం "మేక్" చేస్తాం, హోంవర్క్ "డు" చేస్తాం. వీటికి సూత్రం వెతక్కండి, జంటగానే గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు అర్థం వరకే పనికొస్తుంది. వాడకం కోసం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ లాంటిది చూడండి. జపాన్‌లో ఇంగ్లిష్ బోధించిన హార్న్‌బీ, ఆయన సహచరులు తయారుచేయగా 1942లో టోక్యోలో అచ్చయిన నిఘంటువు దీనికి మూలం. ఇంగ్లిష్ పుట్టుభాష కానివాళ్ల కోసమే చేసింది కాబట్టి మన తికమకలు దానికి తెలుసు. నామవాచకం పక్కన "యు" అక్షరం ఉంటే దాన్ని లెక్కపెట్టకూడదని, బహువచనం ఉండదని అర్థం. అందుకే "అడ్వైసెస్", "ఫర్నిచర్స్", "ఇన్‌ఫర్మేషన్స్" అన్నవి తప్పులు.

ఒక్కో మాటతో మీ ఇల్లు, కాలేజీ, బస్సు ప్రయాణం గురించి రెండు సొంత వాక్యాలు రాయండి. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత నోట్‌బుక్ మూసి మళ్లీ రాయండి. తప్పిపోయిన మాట మర్నాటి మూడింటిలో చేరుతుంది.

ప్ర: "ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్" అని దరఖాస్తులో రాశాను. తప్పన్నారు. ఏది తప్పు?
– రాజాం

జ: రెండున్నాయి. తెలుగులో "రెండేళ్ల నుంచి", "2022 నుంచి" అని రెండుచోట్లా "నుంచి"తో సరిపెట్టేస్తాం. ఇంగ్లిష్‌లో గడిచిన కాలానికి "ఫర్", మొదలైన సమయానికి "సిన్స్". ఇక అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "హ్యావ్ బీన్" కావాలి: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్." పంపేముందు గట్టిగా చదవండి. "ఫ్రమ్" బదులు "ఫార్మ్" పడినా కంప్యూటర్ ఎర్రగీత గీయదు, రెండూ సరైన మాటలే కదా.

ప్ర: మా వీధిలో కరెంటు స్తంభం ఒరిగింది. అర్జీ ఇంగ్లిష్‌లో ఉంటే బరువుంటుందట. నమూనా ఇవ్వండి.
– చీపురుపల్లి

జ: ఇంగ్లిష్ నమూనా ఇవ్వం. 1966 నాటి అధికార భాషా చట్టం ప్రకారం తెలుగు మన రాష్ట్ర అధికార భాష. తెలుగులోనే రాయండి. బిల్లు మీది సర్వీసు నంబరు, వీధి పేరు, దగ్గరి గుర్తు, స్తంభం ఏ రోజు నుంచి ఒరిగి ఉంది, తీగ నేలకు సుమారు ఎన్ని అడుగుల ఎత్తున ఉంది అన్నవి ఉంటే చాలు. స్తంభాన్ని, తీగను ముట్టుకోకుండా దూరం నుంచే ఫొటో తీసి జతచేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దగ్గర ఉంచుకోండి.