శిష్యుడి పేరు మోగుతోంది, గురువు పేరు వినిపించడం లేదు

ప్రశ్న: నా వయసు 63. సంగీతం నేర్పడమే నా జీవితం, పెద్ద కచేరీలు చేసినవాణ్ణి కాను. తొమ్మిదేళ్లప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు పదమూడేళ్లు నేర్చుకున్నాడు. తండ్రి లేని పిల్లాడని ఏనాడూ ఫీజు అడగలేదు. మా ఇంట్లోనే తిన్నాడు, మా ఇంట్లోనే పడుకున్నాడు. నా భార్య వాణ్ణి కన్నకొడుకులా చూసింది. తర్వాత ఒక ప్రసిద్ధ విద్వాంసుడి దగ్గర ఏడాదిపాటు మెరుగులు దిద్దుకున్నాడు. ఇప్పుడు వాడికి చాలా పేరొచ్చింది. ఈమధ్య పెద్ద పురస్కారం అందుకున్నప్పుడు మీ గురువెవరని అడిగితే ఆ విద్వాంసుడి పేరొక్కటే చెప్పాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. వాడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నేను చేసినదంతా తేదీలతో సహా రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాలని సిద్ధం చేసుకున్నాను. నా భార్య పెట్టమంటోంది, కూతురు వద్దంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మొన్న పాఠం చెబుతూ ఒక అమ్మాయిని చిన్న తప్పుకే కసిరాను, ‘మీరూ రేపు నన్ను మరిచిపోయేవాళ్లే’ అన్నాను. ఆ పిల్ల మళ్లీ రాలేదు. నేనేం చేయాలి?

జవాబు: మాస్టారూ, మీ బాధ న్యాయమైనదే. గురువుకు ఆశ ఉండకూడదని ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట నాకు నచ్చదు. పదమూడేళ్లు ఒక పిల్లవాడి గొంతుతో తన గొంతు కలిపి పాడిన మనిషి ‘ఆయన దగ్గరే నేర్చుకున్నాను’ అన్న ఒక్క మాట వినాలనుకోవడం అత్యాశ ఎలా అవుతుంది? మీరు డబ్బు అడగడం లేదు, సన్మానం అడగడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పమంటున్నారు, అంతే.

అయితే రాసిపెట్టుకున్నది మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే కొందరు పెద్దవాళ్ల సంగతులు చెప్పుకోవాలి. గురుశిష్యుల మధ్యకు కీర్తి వచ్చి కూర్చోవడం మీ ఇంట్లో మొదలైన కథ కాదు.

1792లో జర్మన్ స్వరకర్త బీథోవెన్ వియన్నా చేరి హైడన్ దగ్గర శిష్యుడయ్యాడు. హైడన్ అప్పటికే యూరప్ అంతా ఎరిగిన స్వరకర్త, అరవై ఏళ్లవాడు. మరుసటి ఏడాది ఆయన, బీథోవెన్‌ను పోషిస్తున్న ప్రభువుకు ఉత్తరం రాశాడు. ఈ కుర్రవాడు యూరప్‌లోని గొప్ప సంగీతకారుల్లో ఒకడవుతాడని, వాడి గురువునని చెప్పుకోవడానికి తాను గర్విస్తానని అందులో ఉంది. కుర్రవాడేమో ఈ పాఠాలు చాలవనుకుని, గురువుకు తెలియకుండా ఇంకొకరి దగ్గర తన సంగీత అభ్యాసాలు దిద్దించుకుంటున్నాడు. 1796లో అచ్చయిన మూడు పియానో సొనాటాలను హైడన్‌కే అంకితమిచ్చాడు. కానీ పుస్తకం మొదటి పేజీలో ‘హైడన్ శిష్యుడు’ అని వేసుకోమని ఆయన కోరితే ఒప్పుకోలేదు. ఆయన దగ్గర నేనేమీ నేర్చుకోలేదు అన్నాడట. ఈ సంగతి రాసిపెట్టినవాడు బీథోవెన్ శిష్యుడే, పేరు రీస్.

హైడన్ అడిగిందీ మీరు కోరుకుంటున్నదీ ఒకటే, గమనించారా? అంతటివాడికీ ఆ ఒక్క ముక్క కావాలనిపించింది. అంతటివాడికీ అప్పుడు దొరకలేదు.

1808 మార్చి 27న, హైడన్ 76వ పుట్టినరోజు దగ్గర పడుతుండగా, వియన్నా విశ్వవిద్యాలయంలో ఆయన రచన ‘సృష్టి’ని ప్రదర్శించారు. వయసు మీదపడిన ఆయనను కుర్చీలోనే లోపలికి మోసుకొచ్చారు. బీథోవెన్ వంగి ఆయన చేతిని ముద్దుపెట్టుకున్నాడని చెబుతారు. మరుసటి ఏడాది మే నెలలో హైడన్ పోయాడు. 1796లో కాదన్నవాడు 1808లో ఆ చేతిని అందుకోగలిగాడంటే, మధ్యలో అతను తన కాళ్ల మీద నిలబడ్డాడు కాబట్టేనని నా నమ్మకం. అప్పటికి అయిదో సింఫనీ రాసేశాడు. ఎవరి శిష్యుడన్న ప్రశ్న అతన్ని తగ్గించే దశ దాటిపోయింది. కొత్తగా పేరొచ్చినవాడికి మాత్రం ఆ ప్రశ్న పరీక్షలా ఉంటుంది. ఏ పేరు చెబితే ఎదుటివాళ్ల కళ్లు పెద్దవవుతాయో ఆ పేరే నోటికొస్తుంది. మీ శిష్యుడు చేసింది తప్పే, దాన్ని నేను కప్పిపుచ్చడం లేదు. కానీ అది మిమ్మల్ని మరిచిపోవడమూ కాకపోవచ్చు, పగా కాకపోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. తిండి పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి, ఫీజు తీసుకోకుండా పెంచిన ఇంటి ఋణం చాలా పెద్దది. దాన్ని సభలో ఒక్క వాక్యంలో చెప్పడం కొందరి వల్ల కాదు. గురువు పేరు ఎత్తితే తండ్రి లేని ఆ బాల్యమంతా బయటపెట్టుకోవలసి వస్తుంది. విద్వాంసుడి పేరు చెప్పడం తేలిక, అక్కడ ఋణం ఏడాదిదే.

అందరి స్వభావాలూ ఒక్కలా ఉండవు. విశ్వనాథ సత్యనారాయణ తన గురువు చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గురించి పద్యం చెబుతూ, నాలాంటి శిష్యుడున్నాడన్న భోగం మా గురువుగారికి దక్కింది, నన్నయకూ తిక్కనకూ దక్కలేదు అన్నారు. అంత ధీమాగా తన గొప్పనూ గురువు గొప్పనూ ఒకే పద్యంలో పెట్టగలిగేవాళ్లు అరుదు. అలాంటి శిష్యుడు మీకు దొరకలేదన్నది నిజం. దొరకనంత మాత్రాన మీ పదమూడేళ్లు వృథా అయినట్టు కాదు.

ఇక మీరు రాసిపెట్టుకున్న కాగితాల గురించి. ఇటలీ శిల్పి, చిత్రకారుడు మైకెలాంజెలో పదమూడేళ్ల వయసులో, 1488లో, ఫ్లోరెన్స్‌లో గిర్లాందాయో అనే చిత్రకారుడి దగ్గర పనికి చేరాడు. తర్వాత పేరు ఆకాశానికెక్కింది. 1553లో శిష్యుడు కొండివి రాసిన జీవితచరిత్రలో, గిర్లాందాయో నుంచి ఆయనకు ఒరిగింది ఏమీ లేదన్నట్టే కథ నడిచింది. వసారి అనే మరో జీవితచరిత్రకారుడు, ఆయనా మైకెలాంజెలో భక్తుడే, 1568లో తన పుస్తకం రెండో కూర్పు వేస్తూ గిర్లాందాయో ఇంటి లెక్కల పుస్తకంలోని నమోదును ఎత్తి చూపించాడు. 1488 ఏప్రిల్ 1 నుంచి మూడేళ్లు, ఇరవై నాలుగు ఫ్లోరిన్ల జీతం, అంతా అందులో ఉంది. గిర్లాందాయో అప్పటికి ఎప్పుడో 1494లోనే కాలం చేశాడు.

ఆ కాగితాన్ని లోకం ఎందుకు నమ్మింది? అది ఫిర్యాదు కాదు కాబట్టి. ఎవరినీ దెబ్బతీయాలని రాసింది కాదు, ఇంటి లెక్కల్లో భాగంగా మామూలుగా రాసుకున్నది. మీరు రాసింది అలా లేదు. కోపంతో, నిద్రలేని రాత్రుల్లో రాసింది. అది పెట్టిన గంటలోనే జనం రెండు జట్లుగా చీలిపోతారు. మీ అన్నం లెక్క, పక్క లెక్క తెలియనివాళ్ల నోళ్లలో పడుతుంది. ఆ కుర్రవాడు తనను తాను కాపాడుకోవడానికి మాట్లాడతాడు, ఒకసారి బయట అన్నమాటను వెనక్కి తీసుకోవడం అతనికీ కష్టమవుతుంది. తర్వాత మీ పేరు తలుచుకున్నప్పుడల్లా లోకానికి గుర్తొచ్చేది మీ పాఠం కాదు, మీ పోస్టు.

హంఫ్రీ డేవీకి అలాంటిదే జరిగింది. సోడియం, పొటాషియం మూలకాలను వేరుచేసిన శాస్త్రవేత్త ఆయన. 1813లో, బైండింగ్ పని నేర్చుకున్న పేద కుర్రాడు ఫారడేని తన ప్రయోగశాలలోకి తీసుకున్నదీ ఆయనే. పదేళ్లు తిరిగేసరికి ఫారడే పేరు గురువు పేరు పక్కన నిలబడింది. 1824లో ఫారడేని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో సభ్యుడిగా ఎన్నుకునే సమయానికి సొసైటీ అధ్యక్షుడు డేవీయే, ఆయన దాన్ని వ్యతిరేకించాడు. వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడింది, ఫారడే ఎన్నికయ్యాడు. డేవీ కోపానికి కారణాలు లేకపోలేదు, ఒక ప్రయోగం విషయంలో మరో శాస్త్రవేత్తకు దక్కవలసిన పేరు ఫారడే ఇవ్వలేదన్న వివాదం అప్పటికే ఉంది. ఆ కారణాలు ఇప్పుడు చరిత్ర చదివేవాళ్లకే తెలుసు. శిష్యుడికి అడ్డుపడ్డ గురువన్న మచ్చ మాత్రం అందరికీ తెలుసు. పనికిరాని చోటు నుంచి ఒక ఫారడేని ఏరి తెచ్చిన చేతికి ఆ మచ్చ అంటడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీకు అలా జరగకూడదు.

కాబట్టి ఆ కాగితాలు చించకండి, పెట్టకండి. వాటి పక్కన ఇంకో నోటుపుస్తకం మొదలుపెట్టండి. ఏయే కృతులు చెప్పారో, మీ పాఠాంతరం, అంటే మీ గురువుల నుంచి మీకు వచ్చిన పాడే తీరు, ఏమిటో, పాటలో ఏ సంగతి ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి, పాడి రికార్డు చేయండి. త్యాగరాజు గురువు శొంఠి వెంకటరమణయ్య పేరు ఈ రోజు మనం తలుచుకుంటున్నామంటే శిష్యుడి వల్లే. త్యాగరాజు కీర్తనలు మన దాకా రావడానికి వాలాజాపేట శిష్యులు రాసిపెట్టిన ప్రతులు ఒక ముఖ్య ఆధారం. మీ కుర్రవాడు ఒక రాగాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగుతాడో వినేవాళ్లు రేపు మీ రికార్డు కూడా వింటే, ఎవరి పాఠమో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. అతను ఫోన్ చేస్తున్నాడు, మీరు ఎత్తడం లేదు. ఈసారి ఎత్తండి, లేదా మీరే చేయండి. అభినందనతో మొదలుపెట్టి, తర్వాత సూటిగా చెప్పండి: ‘ఆ రోజు నువ్వు నా పేరు చెప్పలేదు. నాకు చాలా కష్టం కలిగింది. నీ నోటితో వినాలని ఉండింది.’ అంతే. పెట్టిన అన్నం, ఇచ్చిన చోటు, తీసుకోని ఫీజు ఏదీ ఎత్తకండి. అవి అతనికి మీకన్నా బాగా తెలుసు. ఎందుకలా చేశావని నిలదీయకండి కూడా, నిలదీస్తే సాకులు వస్తాయి. చెప్పి ఊరుకోండి, అతన్ని మాట్లాడనివ్వండి.

అతను క్షమించమంటాడో, తడబడతాడో, లోపల నొచ్చుకుని ఫోన్ పెట్టేస్తాడో నేను హామీ ఇవ్వలేను. ఒకటి మాత్రం ముందే తేల్చుకోండి: మీకు కావలసింది లోకం ముందు మీ పేరా, అతని నోట మీతో ఒక మాటా? ఫ్రెంచ్ రచయిత అల్బెర్ కామూ 1957లో నోబెల్ బహుమతి వచ్చాక ప్రాథమిక పాఠశాల మాస్టారు లూయీ జెర్మేన్‌కు ఉత్తరం రాశాడు. వార్త తెలియగానే అమ్మ తర్వాత తలుచుకున్నది మిమ్మల్నేనని చెప్పుకున్నాడు. ఆయన చలవతో 1924లో పై చదువుకు వెళ్లిన పిల్లాడు అతను, అదీ తండ్రి యుద్ధంలో పోయిన పిల్లాడు. ఆ ఉత్తరం ఇద్దరి మధ్యది, లోకం చదివింది చాలా ఏళ్ల తర్వాత. అలాంటి మాట మీకు ఇంట్లో దక్కితే, సభలో దక్కలేదని దాన్ని తోసిపుచ్చకండి.

మీ భార్య కోపం వేరు, దాన్ని మీ కోపంతో కలిపేయకండి. ఆవిడ గురువు కాదు, అమ్మ స్థానంలో నిలబడిన మనిషి. ఆవిడను ఆవిడ తరఫున అతనితో మాట్లాడుకోనివ్వండి. కూతురి గురించి మీరు రాసింది ఒక్క మాటే. ఆ పదమూడేళ్లు ఆ ఇంట్లో ఆమె కూడా పెరిగిందో, మీ దగ్గర పాడాలనుకుందో లేదో నాకు తెలియదు. వద్దని ఎందుకంటోందో అడగండి, పూర్తిగా వినండి.

నిద్ర మరో వారం పది రోజుల్లో దారికి రాకపోతే డాక్టర్‌ను కలవండి, వాయిదా వేయవద్దు.

వీటన్నిటికన్నా ముందు, ఈ సాయంత్రమే, మానేసిన ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేయండి. తల్లిదండ్రులతో సర్దిచెప్పి ఊరుకోవద్దు, ఆ పిల్లతోనే మాట్లాడండి. కసిరింది ఆమె తప్పుకు కాదని, ఆ కోపం ఇంకొకరి మీదిదని, పొరపాటు మీదేనని చెప్పండి. ఎక్కడ ఆపారో ఆ పాఠం పేరు చెప్పి, రేపు ఎన్ని గంటలకు రాగలదో కనుక్కోండి.