టెక్ సందేహాలు: డబ్బు కట్టని టూల్స్ ఆఫీసులో వాడొచ్చా?

ప్రశ్న: విజయవాడలో మాది చిన్న కంపెనీ, 8 మంది డెవలపర్లం. కోడ్ రాయడానికి విజువల్ స్టూడియో కమ్యూనిటీ, యాప్‌లని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడపడానికి డాకర్ డెస్క్‌టాప్, జావా ప్రోగ్రామ్‌లు తయారుచేసి నడపడానికి ఒరాకిల్ జేడీకే వాడతాం. అన్నీ ఊరికే డౌన్‌లోడ్ చేసుకున్నవే. ఇప్పుడు క్లయింటు లైసెన్సుల జాబితా పంపమంటున్నారు. చిక్కేమైనా ఉందాండీ?

జవాబు: విజువల్ స్టూడియోతో ఉంది. కమ్యూనిటీ ఎడిషన్‌కి పైసా కట్టక్కర్లేదు గానీ అది ఓపెన్ సోర్స్ కాదు, షరతులన్నీ మైక్రోసాఫ్ట్‌వే. ఒంటరిగా పనిచేసే డెవలపర్ దాంతో యాప్ చేసి అమ్ముకున్నా ఎవరూ అడగరు. కంపెనీ అయితే 5 మంది దాకానే వాడొచ్చు, అదీ కంప్యూటర్లు 250, ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్లు దాటనంతవరకే. కాబట్టి మిగతా ముగ్గురికీ డబ్బు కట్టే ప్రొఫెషనల్ ఎడిషన్ కొనండి, లేదంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచిత ఎడిటర్ వీఎస్ కోడ్‌కి మార్చండి. అక్కడా ఒక మెలిక ఉంది: సీ షార్ప్ భాషలో రాయడానికి వాడే సీ షార్ప్ డెవ్ కిట్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే మళ్లీ ఆ కమ్యూనిటీ షరతులే వర్తిస్తాయి, ఇన్‌స్టాల్ నొక్కే హడావిడిలో ఎవరు చదువుతారు చెప్పండి!

డాకర్ డెస్క్‌టాప్ గురించి టెన్షన్ వద్దు. 2021లో నిబంధనలు మార్చినా 250 మంది లోపు ఉద్యోగులు, కోటి డాలర్ల లోపు ఆదాయం ఉన్న కంపెనీలకి ఉచితమే.

జేడీకే ఏ వెర్షనో మీరు రాయలేదు. 8 అయితే 2019 ఏప్రిల్ నుంచి, 17 అయితే 2024 సెప్టెంబర్ తర్వాత వచ్చిన అప్‌డేట్లు వేసి సర్వర్ మీద వ్యాపారానికి నడిపితే డబ్బు కట్టాల్సిందే. ఒరాకిల్ 2023లో తెచ్చిన సబ్‌స్క్రిప్షన్‌లో ఉద్యోగులందరినీ లెక్కేస్తారు, జావా మొహం చూడని మీ అకౌంటెంట్‌తో సహా. ఇంత గోల ఎందుకు, ఉచితంగా దొరికే జేడీకే ఎక్లిప్స్ టెమురిన్ వేసేసుకోండి. అదీ ఓపెన్‌జేడీకే అనే ఓపెన్ సోర్స్ జావా కోడ్‌తో తయారైందే కాబట్టి చాలా ప్రాజెక్టులు ఒక్క లైను కూడా మార్చకుండా నడిచిపోతాయి, పాత 8లో జావాఎఫ్ఎక్స్ (విండోలు, బటన్లు చేసే జావా లైబ్రరీ) స్క్రీన్లు రాసుకుని ఉంటే మాత్రం అది టెమురిన్‌లో రాదు, విడిగా తెచ్చుకోవాలి.

జాబితాలో జీపీఎల్ (ఆ కోడ్‌ని కలుపుకుని పంచితే మీ కోడ్ కూడా బయటపెట్టాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) అన్న మాట చూడగానే మీ కోడ్ కూడా బయటపెట్టాలేమోనని క్లయింటు లాయరు అడగొచ్చు. టెమురిన్ జీపీఎల్ కిందే వచ్చినా దానికి క్లాస్‌పాత్ మినహాయింపు ఉంది, దాని మీద నడిచే మీ ప్రోగ్రామ్‌కి ఆ షరతు అంటదు. జీసీసీ అనే సీ కంపైలర్‌తో మామూలుగా కంపైల్ చేసినవాటికీ అలాంటి మినహాయింపే ఉంది. జాబితాలో టూల్ పేరు, వెర్షన్, లైసెన్సు, ఎన్ని మెషిన్లలో ఉందో రాయండి. విజువల్ స్టూడియో సంగతి తేల్చాకే పంపండి.