జ్వరం వచ్చిందని తుపాకీ దింపరు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఊళ్లోకి అంటురోగం రాగానే రెండు వర్గాలూ తుపాకులు పక్కన పడేసి రోగి మంచాన్ని చెరోవైపు మోసుకెళ్లే చివరి సీను నీకు చాలా ఇష్టమని తెలుస్తూనే ఉంది, కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒకప్పుడు నేనూ అలాగే ఆశపడ్డానులే. కోవిడ్ పాకుతుంటే 2020 మార్చి 23న ఐక్యరాజ్యసమితి అధిపతి గుటెరస్ ప్రపంచమంతా కాల్పులు ఆపమని అడిగాడు. దానికి మద్దతుగా భద్రతా మండలి ఒక తీర్మానం చేసేసరికే జులై 1 వచ్చింది, అంటే కాగితానికే వంద రోజులు!

అందుకే నీ కథలోని పేరులేని దేశం మానెయ్. కాంగో తూర్పున ఉన్న బేనీ పట్నాన్ని తీసుకో. 2018 ఆగస్టు 1న ఆ ప్రాంతంలో ఎబోలా వచ్చిందని ప్రకటించారు. అప్పటికి నాలుగేళ్లుగా ఆ చుట్టుపక్కల సాయుధ ముఠాలు జనాన్ని కత్తులతో నరుకుతున్నాయి. ఆ ఊరి మనిషివై ఆలోచించు: ఇన్నాళ్లూ మా ఇళ్లలో శవాలు లేస్తుంటే తొంగిచూడనివాళ్లు, ఒక జ్వరం రాగానే జీపులు బారులు తీర్చుకుని వచ్చారే, మా కోసమా, అది తమదాకా పాకుతుందని భయమా? ఈ అనుమానం రాయకుండా ఆస్పత్రి మీద రాళ్లేసేవాణ్ని రాస్తే వాడు ఉత్త మూర్ఖుడిలా కనిపిస్తాడు. ఆ డిసెంబరులో ఎబోలా, భద్రత కారణాలు చెప్పి బేనీ, బుటెంబోల్లో అధ్యక్ష ఎన్నిక వాయిదా వేశారు, అవేమో ప్రతిపక్షానికి పట్టున్న ఊళ్లు. మర్నాడే బేనీలో జనం ఎబోలా కేంద్రం మీద పడ్డారు. 30న దేశమంతా ఓటేస్తుంటే వీళ్లు తమంతట తామే ఉత్తుత్తి పోలింగు పెట్టుకుని వరుస కట్టారు. ఆ వరుసలో నిలబడ్డ ఒక ముసలమ్మను రాయి ముందు.

ఇంకోటి. ఎబోలా రోగిని తాకినవాళ్లకు రోగం బయటపడుతుందేమోనని 21 రోజులు రోజూ వెళ్లి చూసిరావాలి. ఆ సెప్టెంబరులో బేనీ మీద దాడి జరగ్గానే ఆ తిరగడం ఆగిపోయింది. కాల్పులప్పుడు ఆ వీధిలోనే లేని మనిషి కూడా నెల తర్వాత ఆ దాడివల్లే చచ్చిపోవచ్చన్నమాట. పోనీ అని వైద్య బృందాల వెంట కాపలాకి సాయుధుల్ని పంపితే, సూది పట్టుకున్న నర్సు కూడా జనం కళ్లకు అవతలి పక్షం మనిషైపోయింది. 2019 ఫిబ్రవరిలో కట్వా, బుటెంబోల్లో చికిత్స కేంద్రాల మీద దాడులు చేశారు, ఏప్రిల్ 19న కామెరూన్ నుంచి వచ్చిన డాక్టర్ రిచర్డ్ ముజోకోను బుటెంబో ఆస్పత్రిలో మీటింగులో ఉండగానే కాల్చి చంపారు. ఎబోలా 2020 జూన్‌లో ముగిసింది, 2,287 మందిని తీసుకుపోయి. నరకడం మాత్రం ఆగలేదు.

మన దగ్గరా చూశాం కదా, 2021లో కోవిడ్ అడవిలోకి వెళ్తే, లొంగిపోండి వైద్యం చేయిస్తామని పోలీసులు మావోయిస్టులను పిలిచారు. మందు కూడా ఎత్తుగడే అయింది.

ఆ మంచం సీను కొట్టెయ్. కొట్టేశాక మొత్తం టైపు చేసి పంపు, ఈసారి ఫోన్లో ఫోటోలు తీసి పెట్టకు, నా కళ్లు పోతున్నాయి.

మీ అన్న