ఇల్లు పర్లాకిమిడిలో, ఆఫీసు టెక్కలిలో... మరి పాప బడి ఎక్కడ?

ప్రశ్న: విశాఖ మధురవాడలో చాలా ఏళ్లుగా అద్దెకుంటున్నాం. నాది ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. ఏప్రిల్ నుంచి టెక్కలి బ్రాంచికి బదిలీ అయింది. మా ఆవిడ పుట్టిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి. అక్కడ ఇల్లు తీసుకుంటే అత్తగారూ మామగారూ తోడుంటారు, అద్దె కూడా తక్కువ, నేను రోజూ టెక్కలి వెళ్లి రావచ్చు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. రాష్ట్రం మారితే పాపకు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లలో లోకల్ పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. మాది బీసీ-డి, అది అక్కడ చెల్లుతుందా? మా బావమరిది గుమ్మ వైపు ఒక స్థలం చూసి, నా తరఫున యాభై వేలు టోకెన్ ఇచ్చేశాడు. అమ్మే ఆయన సవర కులస్థుడు. కారు, స్కూటీ నంబర్లు మార్చాలా? ఇక్కడ ఇంటి ఓనరేమో రంగులకని అడ్వాన్సు పట్టుకుంటానంటున్నారు. ఏది ముందు చూసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో నిజంగా కంగారు పడాల్సినవి రెండే: పాప చదువు, గుమ్మ స్థలం. మిగతావన్నీ కాగితాల పని, ఓపిగ్గా చేసుకుంటే అయిపోతాయి.

ముందు పాప సంగతి. స్నేహితులు భయపెట్టింది సగం నిజం. ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ సీట్లకు లోకల్ ఎవరో తేల్చేది రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం 85 శాతం సీట్లు ఆ ప్రాంతంలో చదివిన పిల్లలవి. చదివినవాళ్లంటే, అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలోని బడుల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్లు. ఇంజనీరింగుకైనా మెడిసిన్‌కైనా అర్హత పరీక్ష ఇంటర్ రెండో సంవత్సరం. అంటే మీ పాపకు లెక్కలోకి వచ్చేవి తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. ఈ జూన్‌లో ఆమె అడుగుపెట్టబోయేది సరిగ్గా ఆ నాలుగేళ్లలోకే.

ఈ లెక్కలో మీ ఇల్లు ఎక్కడుందన్న ప్రశ్నే లేదు. చూసేది పాప ఏ బడిలో కూర్చుని చదివిందన్నదే. కాబట్టి మీరు పర్లాకిమిడిలో నిశ్చింతగా కాపురం పెట్టండి, పాపను మాత్రం ఆంధ్ర వైపు బడిలో వేయండి. పర్లాకిమిడి దాటితే పాతపట్నమే కదా. లేదంటే మీరు రోజూ వెళ్లే టెక్కలిలోనే చేర్పించి, పొద్దున్నే మీతో తీసుకెళ్లండి. రెండూ శ్రీకాకుళం జిల్లాలోవే, ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందివే. విశాఖ నుంచి వచ్చినా ప్రాంతం మారదు. ఇంకో లాభమూ ఉంది. తొమ్మిదిలో ఒడియా మొదలుపెట్టి పదిలో బోర్డు పరీక్ష రాయమంటే ఎంత తెలివైన పిల్లకైనా నలుగుడే. ఆ బాధ తప్పుతుంది.

ఇంటికి దగ్గరని పర్లాకిమిడిలోనే చదివించారనుకోండి, దారులన్నీ మూసుకుపోవు. మిగతా 15 శాతం సీట్లలో, తల్లిదండ్రులు మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించిన పిల్లలు పోటీ పడవచ్చు. మెడిసిన్‌లో ఆల్ ఇండియా కోటా ఉండనే ఉంది. కానీ 85 వదులుకుని 15 కోసం పోటీ పడటం ఏ తండ్రీ కోరుకోడు. తర్వాత కోర్టుకెళ్లి తెచ్చుకుందామన్న ఆశ కూడా పెట్టుకోకండి. తెలంగాణ మెడికల్ సీట్ల విషయంలో ఇలాంటి నాలుగేళ్ల నిబంధననే 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. తెలంగాణలోనే పుట్టి పెరిగి, ఇంటర్ మాత్రం బయట చదివిన పిల్లలకు కూడా ఊరట దొరకలేదు.

మీకు ఈ సలహా ఇచ్చేవాళ్లు కచ్చితంగా ఎదురవుతారు: ‘పాపను పర్లాకిమిడిలోనే చదివించండి, ఆంధ్ర వైపు ఏదైనా ప్రైవేటు బడిలో పేరు రాయించి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోండి’ అని. వినకండి. ఒకే ఏడాది రెండు రాష్ట్రాల బడుల్లో ఒకే పిల్ల పేరుంటే ఆన్‌లైన్ రికార్డుల్లో ఇట్టే దొరుకుతుంది. అప్పుడు పోయేది సీటొక్కటే కాదు, మీ మీద దొంగ పత్రాల కేసు కూడా పడుతుంది. ఫలానా ఊళ్లో ఉంటున్నామని తహసీల్దారు దగ్గర నివాస పత్రం తెచ్చినా పని జరగదు. నివాసాన్ని లెక్కలోకి తీసుకునేది ఆ నాలుగేళ్లలో ఏ బడిలోనూ చదవని వాళ్ల విషయంలోనే.

బాబు విషయంలో తొందర లేదు. మూడో తరగతి పిల్లవాడు తాతగారింటి పక్క బడిలో ఒడియా నేర్చుకుంటే మంచిదే. ఆ ఊళ్లో తెలుగూ ఒడియా రెండూ మాట్లాడే ఇళ్లే కదా ఎక్కువ. అయితే ఉద్యోగాలకు స్థానికత చూసేటప్పుడు పదో తరగతితో ముగిసే ఏళ్లను లెక్కపెట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అందుకని ఆరో తరగతి దాటగానే వాణ్నీ ఆంధ్ర వైపు బడికి మార్చేయండి.

ఇక బీసీ-డి. రిజర్వేషన్ జాబితాలు రాష్ట్రానికొకటి. కులం మీ వెంట వస్తుంది, ఆ జాబితా రాదు. తెనాలిలో పుట్టి తొమ్మిదేళ్ల వయసులో బొంబాయి వెళ్లిన ఒక తెలుగు కుర్రాడు, ఆంధ్రలో మేం ఎస్టీలం కాబట్టి మహారాష్ట్ర మెడికల్ కాలేజీలోనూ ఎస్టీ సీటు ఇవ్వండని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1990లో రాజ్యాంగ ధర్మాసనం కుదరదని చెప్పింది. ఒక రాష్ట్రంలో వెనకబాటును చూసి ఇచ్చిన గుర్తింపు ఇంకో రాష్ట్రంలో దానంతటదే చెల్లదని తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే మాట. ఆ తీర్పులు ఎస్సీ, ఎస్టీల మీదివే అయినా, రాష్ట్ర బీసీ జాబితాల సంగతీ అంతే. కాబట్టి ఒడిశా ప్రభుత్వ సీట్లలో, ఉద్యోగాల్లో మీ పిల్లలను ఓసీలుగానే లెక్కవేసుకోండి. ఆంధ్రలో మాత్రం మీ బీసీ-డి ఎక్కడికీ పోదు. విశాఖలో ఉండగానే పిల్లలిద్దరికీ శాశ్వత కుల ధృవీకరణ పత్రాలు తీసుకోండి. ఊరు మారాక అదే పత్రానికి రెండు ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. వాళ్ల అమ్మ పుట్టిల్లు ఒడిశా కాబట్టి ఆవిడ వైపు నుంచి అక్కడి కుల పత్రం తీసుకుందామన్నా మామూలుగా కుదరదు, పిల్లల కులం తండ్రిని బట్టే చూస్తారు.

గుమ్మ స్థలం దగ్గరికొస్తే గట్టిగానే చెప్పాలి. ఆ బేరం వదిలేయండి. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, పర్లాకిమిడి తహసీల్లోని గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం. (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, ఆ జిల్లా అయితే మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే.) అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ఉంది. మొదట్లో అధికారి అనుమతితో అమ్ముకునే వీలుండేది, 2002లో వచ్చిన సవరణతో అదీ పోయింది. మన ఏజెన్సీలో గిరిజనుల భూమికి 1/70 చట్టం ఉన్నట్టే అనుకోండి. గిరిజనుడైన ఆ సవర రైతు మీకు రాసిచ్చే అగ్రిమెంటు, జీపీఏ, స్టాంపు పేపరు ఏదైనా చట్టం దృష్టిలో చెల్లని కాగితమే. ఎన్నేళ్లు పన్ను కట్టినా, ఇల్లు లేపినా, అధికారులు తిరిగి ఆ రైతుకో అతని వారసులకో అప్పగించవచ్చు. అలా అప్పగించడం న్యాయం కూడా. కొండ కింద ఆ చెక్క భూమే వాళ్లకున్న ఆస్తి, చేబదుళ్ల కోసం కారుచౌకగా పోగొట్టుకున్న కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఉన్నాయి.

‘రూలు మారిందండీ, సబ్‌కలెక్టరు పర్మిషన్ ఇస్తారు’ అని బ్రోకరు అని ఉంటాడు. 2023 నవంబరులో ఒడిశా క్యాబినెట్ అలాంటి నిర్ణయం తీసుకున్న మాట నిజమే. గిరిజన సంఘాల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో దాన్ని పక్కన పెట్టేశారు. ‘ఇంకో గిరిజనుడి పేరు మీద కొని పెడదాం’ అని కూడా అంటారు. అది బినామీ. 2016 సవరణ తర్వాత దానికి ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు వరకు జరిమానా, పైగా ఆస్తి జప్తు. మీ బావమరిది మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉంటారు, ఆయన్ను ఏమీ అనకండి. వెళ్లి ఆ రైతుతోనే మాట్లాడి, ఇచ్చినంత వెనక్కి తీసుకోండి. ఆయన కొంత ఖర్చుపెట్టుకుని ఉంటే విడతలుగా తీసుకోండి. బేరం మానుకున్నామని, డబ్బు ముట్టిందని ఒక కాగితం రాసుకోండి. అంతకు మించి గొడవకు పోవద్దు. చట్టం ఒప్పుకోని బేరం మీద కోర్టుకెక్కితే మీకే చిక్కు.

స్థలం కావాలంటే పర్లాకిమిడి టౌన్లోనే చూసుకోండి, కానీ అక్కడా కళ్లు మూసుకుని కొనేది లేదు. షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా ఎస్సీ, ఎస్టీల భూమిని ఇతరులు కొనాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. దీన్ని తెలుసుకోవడం సులువే. ఒడిశాలో పట్టా అనే కాగితంలో రైతు పేరు, తండ్రి పేరు పక్కనే కులం, ఊరు కూడా రాసి ఉంటాయి. ఇంకో గడిలో ‘కిసం’ అని భూమి రకం ఉంటుంది. అక్కడ ‘ఘరబారి’ అని ఉంటే ఇంటిస్థలం. సాగుభూమి అని ఉంటే అదే చట్టం 8-ఎ కింద మార్పిడి చేయించాకే ఇల్లు కట్టాలి. ఇదంతా ఒడియా లిపిలో ఉంటుంది కాబట్టి మీ మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని భూలేఖ్ వెబ్‌సైట్లో చదివించుకోండి. బ్రోకరు చదివి వినిపిస్తే చాలదు.

బండ్ల సంగతి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండిని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుతుంటే ఆ రాష్ట్రం నంబరు వేయించాలి. మీరు రోజూ ఆంధ్రలోకి వెళ్లి వస్తున్నా రాత్రికి బండి ఉండేది పర్లాకిమిడిలోనే, కాబట్టి ఈ నిబంధన మీకు వర్తిస్తుంది. విశాఖ ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, కారు మీద లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కూడా కావాలి. అర్జీ పెట్టిన ముప్పై రోజుల్లోగా ఇవ్వకపోయినా, కాదనకపోయినా, ఇచ్చినట్టే లెక్కని 48వ సెక్షన్ చెబుతోంది. అందుకే అర్జీ రసీదు జాగ్రత్త. అక్కడ పన్ను కట్టాక, ఇక్కడ ముందే కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగండి. చాలామంది ఆ అర్జీ పెట్టడమే మరిచిపోతారు. ఓటు కూడా ఫారం-8తో మార్చుకోండి. రెండు చోట్లా ఉంచుకోవడం నేరం.

మధురవాడ ఇంటికి పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసి నోటిమాట మీద సాగుతుంటే, అది నెలవారీ అద్దె కిందికి వస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. అయినా పాత అగ్రిమెంటులో రెండు నెలలని ఉంటే వాదన పెట్టుకోకుండా ఈ వారమే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి, వాట్సాప్‌లోనూ పెట్టండి. మామూలు వాడకం వల్ల మాసిన గోడలకు అద్దెదారు బాధ్యుడు కాదని 108వ సెక్షన్ చెబుతోంది. మేకులు కొట్టి పెచ్చులూడదీసి ఉంటే మాత్రం ఆ ఖర్చు మీదే. తాళాలిచ్చే రోజు గది గదికీ వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, తాళాలు అందాయని సంతకం చేయించుకోండి.

పిల్లల టీసీలకు ఇప్పుడే అర్జీ ఇవ్వండి. వాటితో పాటు పాప చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి, నాలుగేళ్ల తర్వాత ఆ బడి ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు! బాబు టీసీ రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఎంఈఓ సంతకం కూడా వేయించండి, అవతలి బడులు అడుగుతుంటాయి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలను టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోననడానికి ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ఒప్పుకోదు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, మీ ఇంట్లోవాళ్ల కోసం. ఇకపై రోజూ ఊరు దాటి వెళ్లి వస్తారు. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తూ దారిలో ప్రమాదంలో చనిపోయిన వాచ్‌మన్ కేసులో, ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా, సమయం, చోటు ఉద్యోగంతో ముడిపడి ఉంటే, పనిలో జరిగినట్టేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. అది నిరూపించాలంటే మీరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తారో కంపెనీ రికార్డులో ఉండాలి. మధురవాడ అడ్రసే అలా వదిలేస్తే, పాతపట్నం రోడ్డు మీద మీకేం పనని ఇన్సూరెన్సువాళ్లు అడుగుతారు. పర్లాకిమిడిలో దిగిన వారంలోనే అడ్రసు మారిందని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, అందిందని వాళ్లిచ్చిన జవాబు ప్రింటు తీసి మీ ఆవిడ చేతికివ్వండి.