కారు ఏసీకి గ్యాస్ ఇంట్లోనే ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: మా చిన్న కారు కొని తొమ్మిదేళ్లయింది. రెండు వేసవుల నుంచి ఏసీ చల్లదనం కొద్దికొద్దిగా తగ్గుతోంది. గ్యాస్ ఏటా నింపించాల్సిందేనని మెకానిక్ అంటున్నారు. గ్యాస్ డబ్బా, గొట్టం, చిన్న గేజ్ కలిపి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, నేనే ఎక్కించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్కించుకోవచ్చు గానీ, డబ్బా కొనే ముందు గ్యాస్ ఎటు పోయిందో తెలుసుకోండి. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. రబ్బరు గొట్టాల గుండా, సీళ్ల దగ్గర ఏళ్ల తరబడి కొద్దిగా జారిపోవడం సహజమే. ఏటా నింపాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే, కాబట్టి మీ మెకానిక్ మాటతో నేను ఏకీభవించలేను.

అసలు గ్యాస్ తగ్గిందో లేదో కూడా చూడాలి. మీ ప్రాంతంలో పత్తి లారీల వెనక నడిచే కార్లలో, ముందు భాగాన ఉండి గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేకుల మధ్య దూది, దుమ్ము కలిసి మందపాటి పొరలా పేరుకుంటాయి. నెమ్మదైన నీటి ధారతో కడిగితేనే చల్లదనం తిరిగొచ్చిన బళ్లు ఉన్నాయి. క్యాబిన్ ఫిల్టర్, కండెన్సర్ ఫ్యాను కూడా చూసుకోండి. తర్వాత టార్చి వేసి గొట్టాల అతుకులను పరిశీలించండి. గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్‌లోని ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, లీకైన చోట నూనె జిడ్డుకు దుమ్మంటి నల్లటి మరక కనిపిస్తుంది. అక్కడ సబ్బు నురగ రాస్తే బుడగలు రావచ్చు.

బానెట్ కింద అంటించిన స్టిక్కర్ మీద గ్యాస్ రకం, బరువు రాసి ఉంటాయి. అది ఆర్-134ఏ అయితేనే ముందుకు వెళ్లండి. కొన్ని కొత్త కార్లలో ఉండే ఆర్-1234వైఎఫ్‌కు మండే గుణం కొంత ఉంది, హైబ్రిడ్ కార్లలో ఆయిల్ వేరు. వాటిని ఇంట్లో ముట్టుకోకూడదు.

చాలామంది పొరబడేది గేజ్ దగ్గరే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, 35 డిగ్రీల ఎండలో, లోపల కాస్త గ్యాస్ ద్రవరూపంలో మిగిలి ఉంటే చాలు, గేజ్ ఇంచుమించు 115 పీఎస్‌ఐ పీడనం చూపిస్తుంది. ఉన్నది 200 గ్రాములా 400 గ్రాములా అన్నది దాన్ని బట్టి తెలియదు. ఇంజిన్ నడుస్తున్నప్పటి అంకె కూడా ఎండను బట్టి, ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతుంది. నమ్మదగిన కొలత బరువొక్కటే. అందుకే డబ్బాను వంటింటి కాటా మీద తూచి, ఒక్కో విడతకు 50 గ్రాములు మించకుండా ఎక్కించి, ఏసీ రంధ్రంలో థర్మామీటర్ పెట్టి చూడండి. చల్లదనం ఇక పెరగడం లేదంటే అక్కడే ఆపేయండి. గ్యాస్ ఎక్కువైతే చల్లదనం తగ్గడమే కాక, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఈ పని ఆరుబయట, కారు తలుపులు తెరిచి, ఏసీ, బ్లోయర్ పూర్తిగా పెట్టి చేయాలి. గొట్టాన్ని లావు పైపు మీది ‘ఎల్’ గుర్తున్న మూతి దగ్గరే తగిలించాలి. సన్న పైపు మూతికి అది పట్టదు. బలవంతంగా పట్టించడానికి ప్రయత్నిస్తే, అటు ఉండే అధిక పీడనానికి డబ్బా పేలే ప్రమాదం ఉంది. బిగించే ముందు గొట్టంలోని గాలిని బయటికి పంపండి. డబ్బాను నిటారుగానే పట్టుకోండి. తలకిందులు చేస్తే ద్రవమే కంప్రెసర్‌లోకి చేరి దాన్ని దెబ్బతీయవచ్చు. ఈ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక చర్మం మీద పడితే మంచు దెబ్బ తగులుతుంది; కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లౌజులు లేకుండా మొదలుపెట్టవద్దు.

గ్యాస్ పూర్తిగా పోయి కంప్రెసర్ తిరగడమే మానేస్తే అది ఇంట్లో చేసే పని కాదు. లోపలికి చేరిన తేమ గ్యాస్‌ను సన్నటి దారిగుండా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. దాన్ని లాగేయడానికి వ్యాక్యూమ్ పంపు కావాలి. మీరు ఎక్కించిన గ్యాస్ నెల తిరగకముందే తగ్గినా షాపుకే వెళ్లండి. ముందు లీకు బాగు చేయమని, తర్వాత పంపు ఆపిన అరగంటకు కూడా వ్యాక్యూమ్ గేజ్ ముల్లు కదలకుండా నిలిచిందని చూపించమని, ఆపై స్టిక్కర్ మీదున్న బరువు మేరకే తూచి నింపమని అడగండి.