వాడి ఏడుపు కాదు, ఆవిడ చెవి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఇల్లు దోచిన కుర్రాడు, ఆ ఇంటావిడ, మధ్యవర్తి ఒక గదిలో కూర్చునేదాకా ఊపిరి బిగబట్టించావు. ఆ తర్వాత వాడు భోరుమన్నాడు, ఆవిడ క్షమించేసింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. వాడి ఏడుపు దొంగదని కాదు, ఆవిడ ఎందుకు నమ్మిందో నువ్వు చూపించలేదు. (నా తొలి కథల్లో నేనూ ఇలాగే అందర్నీ ఏడిపించాను.)

దక్షిణ ఆస్ట్రేలియాలో 1998, 1999లో, నేరం చేసిన కుర్రాళ్లనూ బాధితులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టే ఇలాంటి సమావేశాలను పరిశీలించారు. నిజంగా బాధపడే క్షమాపణ చెప్పామన్న కుర్రాళ్లు సగానికి పైనే. ఆ మాట నమ్మిన బాధితులు మూడోవంతు కూడా లేరు. నీ కథ ఉండాల్సింది ఆ రెంటి మధ్య సందులో. సిగ్గుతో నోరు పెగలనివాడూ, లెక్కలేనితనంతో నోరు విప్పనివాడూ ఎదుటివాళ్ల కంటికి ఒకేలా ఉంటారు.

ఆవిడ అడగాల్సినవి నువ్వు అడిగించలేదు. మా ఇల్లే ఎందుకు? ముందే కాపు కాశావా? నేను లోపల ఉండుంటే ఏం చేసేవాడివి? వీటికి వాడు "తాగి ఉన్నాను, వాళ్లు రమ్మన్నారు" అంటే ఆవిడ ముఖం మూసుకుపోతుంది. "పెట్టెలో మీ అమ్మగారి ఫోటోలు చూశాను, చూసే పారేశాను" అన్నాడనుకో. వినడానికి అది ఇంకా ఘోరం. కానీ తనను తాను కాపాడుకోవడం మానేశాడని ఆవిడకు అప్పుడే తెలుస్తుంది. "క్షమించండి" అనడం మాత్రం తొందరపడి అనిపించకు. ఇల్లు దోచుకున్నది చాలక, ఆవిడ దగ్గర ఇంకోటి అడుగుతున్నట్టుంటుంది.

కెనడాలోని ఎల్మైరాలో 1974లో, 22 చోట్ల ఆస్తులు పాడుచేసిన ఇద్దరు కుర్రాళ్లు బాధితుల తలుపులు తట్టి, నష్టమెంతో అడిగి తెలుసుకుని, కొన్ని నెలల్లో సొమ్ము కట్టారు. తట్టాక తలుపు తెరుచుకునేలోపు వాళ్ల చేతులు ఎక్కడ పెట్టుకున్నారో, అది రాయాలి నీలాంటివాడు. వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించిన దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్ అయితే క్షమాభిక్షకు పూర్తి నిజం చెప్పమంది గానీ పశ్చాత్తాపపడి తీరాలని షరతు పెట్టలేదు. నా మటుకు అది తెలివైన పనే. పశ్చాత్తాపాన్ని తూచే తక్కెడ ఏ కమిషన్ దగ్గరుంటుంది?

చివరి పేజీ తీసెయ్. కథంతా ఆవిడ కుర్చీలోంచి మళ్లీ రాయి. ఇంటికెళ్లాక, ఆ రాత్రి ఆవిడ తలుపు గడియ ఎన్నిసార్లు చూసుకుందో నాకు తెలియాలి.

ఆశీస్సులతో,
మీ అన్న